ఎండ ఒక మూల, నీడ ఒక మూల



పహాడీ షరీఫ్‌లో బాబా షర్ఫుద్దీన్ దర్గా మెట్లు మీలో చాలామంది ఎక్కే ఉంటారు. శ్రీశైలం రోడ్డు మీద వస్తుంటే దూరం నుంచే కనబడే గుట్ట అది. మే నెల మధ్యాహ్నం ఆ రాతి మీద ఉత్త కాళ్లతో నడిచినవాళ్లకు నేను చెప్పబోయే దాంట్లో సగం ముందే తెలుసు. ఎండ తగిలే బండ మీద కాలు నిలవదు. పక్క బండ నీడ పడినచోట హాయిగా నిలబడొచ్చు. రెండింటికీ మధ్య రెండడుగుల దూరం కూడా ఉండదు.

ఈ ప్రాంతపు రాళ్ల గుట్టల మీద ఒక రకం తొండలు ఉంటాయి. కంచెల మీద, చెట్ల మీద తిరిగే తోట తొండ వేరు, ఇది వేరు. ఇది బండనే ఇల్లుగా చేసుకున్న జాతి. జత కట్టే కాలంలో మగదాని వీపు ఎర్రగా మెరుస్తుంది, పక్కలు నల్లబడతాయి. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. జంతుశాస్త్రం ఒప్పుకోకపోయినా, ఆ మాట అన్నవాళ్లు దాన్ని దగ్గరగా చూసినవాళ్లే. పిల్లలు దాన్ని చూడగానే రాయి తీస్తారు. నేను సైన్సు చెప్పే మాస్టారుని. ఆ రాయి కింద పెట్టించడానికి నా ఉద్యోగంలో చాలా ఏళ్లు పట్టింది.

పొద్దున్నే ఒక బండ ఎంచుకుని కదలకుండా కూర్చోండి. ఎండ రాగానే తొండ రాతి సందులోంచి బయటికి వస్తుంది. ఒళ్లు బల్లపరుపుగా చేసి, పక్కటెముకలు వెడల్పు చేసి, ఎండకు అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు దాని రంగు కాస్త ముదురుగా ఉంటుంది. ఒళ్లు వేడెక్కాక చురుకొస్తుంది, చీమల్నీ పురుగుల్నీ పట్టడం మొదలెడుతుంది. ఎండ ముదిరితే పొట్ట రాతికి తగలకుండా కాళ్ల మీద లేచి నిలబడుతుంది. ఇంకా ముదిరితే నీడ పక్కకు జరుగుతుంది. మధ్యాహ్నం మళ్లీ సందులోకి. సాయంత్రం చల్లబడ్డాక బండ దాచుకున్న వేడిని పొట్టతో పీల్చుకోవడానికి మళ్లీ బయటికి. రోజంతా ఆ కొద్దిపాటి రాళ్లలోనే తిరుగుతుంది. దానికి కావలసినవన్నీ ఆ రాళ్లలోనే ఉన్నాయి.

మన ఒంట్లో పొయ్యి ఉంది. తిన్న తిండిలో పెద్ద భాగం ఆ పొయ్యికే పోతుంది. అందుకే డిసెంబరు చలిలోనూ మే ఎండలోనూ మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తొండకు, బల్లికి, పాముకు, తాబేలుకు ఆ పొయ్యి బయట ఉంటుంది. అవే దాని దగ్గరికి నడిచి వెళ్లాలి, చాలనిపిస్తే దూరం జరగాలి. తిన్నది అరగడం, రోగాన్ని తట్టుకోవడం, గాయం మానడం అన్నీ ఆ నడక మీద ఆధారపడ్డాయి. ఇలాంటి ప్రాణిని ఒక గాజు పెట్టెలో పెట్టి, ఆ పెట్టె అంతటా ఒకే వేడి ఉండేలా చేస్తే దాని కాళ్లు విరగ్గొట్టినట్టే. ఈ మాట గట్టిగా అంటున్నాననుకోకండి. నేను చేసిన తప్పు తలుచుకుని అంటున్నాను.

చాలా ఏళ్ల కిందట పాతబస్తీలో ఒక దుకాణం నుంచి తాబేలు పిల్లను కొన్నాను. పాత రూపాయి బిళ్లంత ఉంది. ఒళ్లంతా పచ్చగా ఉండి, చెవుల దగ్గర ఎర్రటి చార ఉండే జాతి. ఇంగ్లీషులో రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దాని సొంత ఊరు అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహకం. ఇది ఇంతే ఉంటుంది, చిన్న గిన్నె చాలు అన్నారు దుకాణంలో. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న గిన్నె కూడా ఇచ్చారు. ఎండ కావాలని నాకు తెలుసు. అందుకని వంటింటి కిటికీ అద్దం పక్కన పెట్టాను. రోజూ రెండు మూడు గంటలు దాని మీద ఎండ పడేది. ఎండు రొయ్యపొట్టు వేసేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి డిప్ప మీద బొటనవేలు పెట్టి నొక్కితే లోపలికి పోయింది. ఇంకో నెలకు చనిపోయింది.

ఎండలోనే ఉన్న తాబేలుకు ఎండ అందలేదు. అది అర్థం కావడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. ఎముక గట్టిపడాలంటే సున్నం, అంటే కాల్షియం, కావాలి. ఆ కాల్షియాన్ని పేగు పీల్చుకోవాలంటే డి3 విటమిన్ కావాలి. ఆ విటమిన్‌ను చర్మం తయారు చేసుకోవాలంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక చిన్న ముక్క, 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యది, తగలాలి. దాన్నే యూవీబీ అంటారు. మామూలు కిటికీ అద్దం ఆ ముక్కను దాదాపు మొత్తం ఆపేస్తుంది. వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, అసలైనది రాదు. అప్పుడు ఒళ్లు తన అవసరాలకు కాల్షియాన్ని ఎముకల నుంచే లాక్కుంటుంది. తాబేలుకు డిప్ప మెత్తబడుతుంది. ఇగ్వానా లాంటి బల్లులకు దవడ రబ్బరులా అవుతుంది, కాళ్లు వణుకుతాయి, వెన్ను వంకర తిరుగుతుంది. ఇళ్లలో పెరిగే సరీసృపాలను ఎక్కువగా పట్టి పీడించే జబ్బుల్లో ఇదొకటి. ఇందులో సూక్ష్మక్రిమి ఏదీ లేదు. మనం కట్టిన పెట్టెలోంచి పుట్టిన జబ్బు.

అందుకని ఇంట్లో ఉంచే తాబేలు పెట్టెలో యూవీబీ ట్యూబ్‌లైటు ఉండాలి. దానికీ తాబేలుకూ మధ్య గాజు గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. సన్నటి జాలీ కూడా కొంత కాంతిని తినేస్తుంది. ఇంకో సంగతి: ఆ ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఆరు నెలలకో ఏడాదికో దాని యూవీబీ తగ్గిపోతుంది. మన కంటికి తేడా తెలియదు. కొన్న తేదీ ట్యూబు మీద రాసి పెట్టుకోండి. మనకున్న ఎండ భాగ్యం చాలా దేశాలకు లేదు కాబట్టి, డాబా మీద పొద్దున పూట అరగంట, గంట నేరుగా ఎండ చూపించగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ గాజు తొట్టితో సహా ఎండలో పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన డాబా మీద గాజు తొట్టి పది నిమిషాల్లో పొయ్యి మీది గిన్నె అవుతుంది. లోపలున్నదానికి పారిపోయే చోటు లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో సగానికి తడి గోనెసంచి కప్పి పెట్టాలి, మనం పక్కనే కూర్చోవాలి. గద్దలూ కాకులూ పైనుంచి చూస్తూనే ఉంటాయి.

ఇప్పుడు పెట్టె సంగతి. సలహాకు నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. పెట్టెలో రెండు థర్మామీటర్లు పెట్టండి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండూ ఒకే అంకె చూపిస్తే పెట్టె తప్పు. ఈ ఎర్ర చెవుల తాబేలుకైతే ఒక చివర నీళ్లపైకి ఎక్కి పూర్తిగా ఆరే గట్టు ఉండాలి. గట్టు మీద 32 నుంచి 35 డిగ్రీలు, నీళ్లలో 24 నుంచి 28 డిగ్రీలు. గట్టు మీద వేడి బల్బు దానికి అందనంత ఎత్తున ఉండాలి, లేకపోతే కాలుతుంది. వేడి రాయి అని కరెంటుతో వేడెక్కే బండలు అమ్ముతారు. వాటిని కొనవద్దని బతిమాలుతున్నాను. వాటి మీద పడుకున్న ప్రాణి పొట్ట కాలుతున్నా చాలాసార్లు పక్కకు జరగదు. పొట్ట బొబ్బలెక్కిన బల్లిని చూశాను. అది ఆ రాయి మీదనే ప్రశాంతంగా పడుకుని ఉంది.

నీళ్ల సంగతిలో లెక్క పెద్దది. డిప్ప పొడవు ఒక్కో అంగుళానికి సుమారు 38 లీటర్ల నీళ్లు అని పెంపకందారులు చెబుతారు. ఆడ తాబేలు 25 సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. అంటే 10 అంగుళాలు, అంటే దాదాపు 380 లీటర్లు. గిన్నె ఎక్కడ, ఈ లెక్క ఎక్కడ! 30 ఏళ్లకు పైగా బతుకుతుంది కూడా. కొన్న పిల్లవాడు పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాక కూడా అది ఆ ఇంట్లో ఉండాలి. నీళ్ల లోతు కనీసం డిప్ప వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి. లోతు తక్కువైతే వెల్లకిలా పడినప్పుడు తిరగలేక ఆ కాసిన్ని నీళ్లలోనే మునిగి చస్తుంది. మంచి ఫిల్టరు పెట్టినా వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి. తిండి వేరే టబ్బులో పెడితే తొట్టి నీళ్లు చాలాకాలం శుభ్రంగా ఉంటాయి. మురికి నీళ్లలో ఉంటే డిప్ప కుళ్లుతుంది. తెల్లటి మచ్చలు, చిన్న గుంటలు, దుర్వాసన ఉంటే అదే.

తిండి. ఎండు రొయ్యపొట్టు తిండి కాదు, చిరుతిండి. దాని మీదే బతికించిన తాబేలుకు విటమిన్-ఏ కరువై కళ్లు వాచి మూసుకుపోతాయి. కళ్లు కనబడక తినదు, తినక ఇంకా నీరసిస్తుంది. ఎదిగేవాటికి రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు, దాని తలకాయంత పరిమాణంలో తాబేలు గుళికలు. మిగతాది ఆకులు. మునగాకు, తోటకూర, మందార ఆకులూ పువ్వులూ, తురిమిన క్యారెట్, గుమ్మడికాయ. పాలకూర ఎప్పుడో ఒకసారి సరే, రోజూ వద్దు. దాంట్లోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. లవ్‌బర్డ్స్ అమ్మే కొట్లో సముద్రపు నురుగు అనే కాల్షియం ముక్క దొరుకుతుంది. ఒక ముక్క నీళ్లలో తేలేస్తే అదే కొరుక్కుంటుంది. పురుగులు తినే బల్లుల కోసం ఇంట్లో దొరికిన బొద్దింకలు పట్టి వేయొద్దు. అవి ఎక్కడ ఏ మందు తిని వచ్చాయో మనకు తెలియదు.

మన దగ్గర వాతావరణం ఒక విషయంలో మోసం చేస్తుంది. హైదరాబాదు వేడి ఊరు కదా, వేడి బల్బు ఎందుకు అంటారు. మన శంషాబాద్ విమానాశ్రయం పక్క మైదానాల్లో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చలి బాగా పడుతుంది. తొట్టి నీళ్లు 20 డిగ్రీల కిందికి దిగితే తాబేలు తిండి తగ్గించేస్తుంది. తిన్నది కడుపులో అరగకుండా పులుస్తుంది. ఒక పక్కకు ఒరిగి ఈదుతోందా, నోరు తెరిచి శ్వాస తీస్తోందా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయా? అది న్యుమోనియా కావచ్చు. రేపు చూద్దాంలే అనుకోకూడని జబ్బు. వేసవిలో సమస్య తిరగబడుతుంది. గాలిలో తేమ పోతుంది, బల్లులకూ పాములకూ కుబుసం సరిగా ఊడదు. వేళ్ల చుట్టూ, తోక చివర దారంలా బిగుసుకుపోయి రక్తం ఆగిపోతుంది, వేళ్లు రాలిపోతాయి. తడిపిన కొబ్బరి పొట్టు నింపిన ఒక మూత డబ్బాకు రంధ్రం పెట్టి పెట్టెలో ఉంచండి, కుబుసం వచ్చే రోజుల్లో దాంట్లోనే దూరి కూర్చుంటుంది. గుట్ట మీద బండ కింద తడి మన్ను చేసే పని ఈ డబ్బా చేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. వేసవిలో తడిగుడ్డ, చలికాలంలో గోరువెచ్చటి నీళ్ల సీసా గుడ్డలో చుట్టి.

డాక్టరు సంగతి చెప్పాలి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, మనకు దగ్గరే. పశువుల డాక్టర్లలో సరీసృపాలు చూసేవాళ్లు తక్కువ, ఫోను చేసి అడిగి వెళ్లండి. వెళ్లేటప్పుడు పెట్టె ఫొటో, రెండు థర్మామీటర్ల అంకెలు, తిండి వివరం తీసుకెళ్లండి. తాబేలు ఒంటి మీద కంటే ఆ కాగితంలోనే జబ్బు ఎక్కువ కనబడుతుంది. మందుల షాపులో కుక్కలకు, పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల, పిడుదుల మందు ఉంటుంది. అది తాబేళ్లకు ప్రాణాంతకం. ఒక్క చుక్క అయినా మీ అంతట మీరు వేయకండి.

పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. దాన్ని పట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి, తొట్టిని వంటింటి సింకులో కడగకూడదు, అయిదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. అమెరికాలో ఈ కారణంతోనే 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. పసిపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటున్నారని.

ఇక పెంచకూడనివి. నక్షత్ర తాబేలు, మన నేల మీద పుట్టిన పాములు, ఉడుము, మన చెరువుల్లోని తాబేళ్లు, వీటిని ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇంటికి కలిసొస్తుందని నక్షత్ర తాబేలును పెట్టుకునే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అడవుల నుంచి, పొలాల నుంచి ఏరుకుపోయేవారు. గోనెసంచుల్లో, సాక్సుల్లో కుక్కి పంపుతారు. 2019లో వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం దీనికి అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చింది. కొనేవాళ్లు ఉంటే మాత్రం ఒప్పందం ఏం చేస్తుంది? విదేశీ జాతుల్లోనూ అంతే. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి దిగిన ఒకరి సామానులో 10 పసుపు అనకొండలు దొరికాయి. మన శంషాబాద్ మీదుగా దిగే ప్రతి విమానం దర్గా గుట్ట మీద కూర్చుంటే కనబడుతుంది. వాటి కడుపులో ఎవరి సంచిలో ఏముందో అని ఒక్కోసారి మనసు కలుక్కుమంటుంది. ఆ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్న విదేశీ జంతువులు ఇంట్లో ఉన్నవాళ్లు 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. బాల్ పైథాన్, ఇగ్వానా లాంటివి ఆ జాబితాలోవే.

పెంచలేక చెరువులో వదిలేయడం పుణ్యం అనుకుంటారు చాలామంది. జల్‌పల్లి చెరువులో గానీ హిమాయత్‌సాగర్‌లో గానీ ఆ ఎర్ర చెవుల తాబేలును వదిలితే అది మన తాబేళ్ల తిండీ, ఎండకాగే రాళ్లూ లాక్కుంటుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జాతుల జాబితాలో దాని పేరుంది. ఐరోపా సంఘం 1997లోనే దాని దిగుమతి ఆపేసింది. వదలొద్దు. బాగా చూసుకునే మరొకరికి ఇవ్వండి, లేదా అటవీశాఖ వాళ్లను అడగండి.

బాగా చూసుకోవడం అంటే ఎంతకాలమో మన ఊరే చూపించింది. నెహ్రూ జూ పార్కులో ఒక గాలాపగోస్ తాబేలు ఉండేది. 1963లో బాగే ఆమ్ నుంచి జూకు తెచ్చారు. 2024 మార్చిలో చనిపోయేనాటికి దాని వయసు దాదాపు 125 ఏళ్లు అన్నారు. నిజాం కాలం నుంచి మన కాలం దాకా ఎంతమంది చేతులు దానికి ఆకు పెట్టి ఉంటాయో!

పోయిన చలికాలం మా వీధిలో ఏడో తరగతి పిల్లవాడు స్టీలు టిఫిన్ డబ్బాలో తాబేలును తీసుకొచ్చాడు. కళ్లు వాచి మూసుకుని ఉన్నాయి. వెంట వాళ్ల అమ్మ. "దుకాణంలో ఇంతే ఉంటది, గిన్నె సరిపోతది అన్నరు సార్. ఇప్పుడు తింటలేదు" అంది. ఆ మాట నేను ఎక్కడ విన్నానో నాకు బాగా గుర్తుంది. ముందు డాక్టరుకు చూపించాం. విటమిన్-ఏ ఎంత ఇవ్వాలో ఆయనే చెప్పాడు, ఎక్కువైనా ప్రమాదమేనట. తరువాత వాళ్ల ఇంట్లో ఇల్లు మారినప్పటి పాత సిమెంటు తొట్టి ఉంటే డాబా మీద నీడ పందిరి కిందికి ఎక్కించాం. గుట్ట పక్కన దొరికిన పలకరాళ్లను కడిగి ఒక చివర గట్టు పేర్చాం. కదలకుండా ఉండాలి, లేకపోతే మీద పడుతుంది. గట్టు మీద ఎండ పడేలా పందిరి ఒక పక్క తీసేశాం. ఇంకో చివర సిమెంటు రేకు అడ్డం, దాని కింద నీడ, లోతు. రాత్రికి హీటరు, పైన జాలీ.

మొదటి వారం అది నీడలోంచి కదల్లేదు. పిల్లవాడు రోజూ బడికి వచ్చి రెండు అంకెలు చెప్పేవాడు, గట్టు మీదిది, నీళ్లలోది. పన్నెండో రోజు అంకెలు చెప్పడం మరిచిపోయాడు. "సార్, గట్టు ఎక్కింది సార్, కాళ్లు వెనక్కి చాపి పడుకుంది" అన్నాడు. సాయంత్రం వెళ్లి చూశాను. మెడ పొడుగ్గా సాచి, వెనక కాళ్లు గాలిలోకి చాపి, వేళ్లు విప్పార్చి, కళ్లు తెరుచుకుని ఉంది. మేం చూస్తుండగానే పొద్దు పందిరి వెనక్కి దిగింది. గట్టు మీద నీడ పడింది. అది కాసేపు ఆగి, మెల్లగా జరిగి నీళ్లలోకి దిగింది.